మా లోగిలిలోని పావుకోళ్ళ చప్పుడు

(సంఘపు మాసగోష్ఠియందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ మాసపు ప్రసంగమునకు విషయ మేమని కార్యదర్శిగారు నన్ను అడిగినప్పుడు "మా యింటి దయ్యము" అని చెప్పితిని. వారు నవ్వి, "మీ యింటిదా, మీ సెక్షనుదా?" అని అడిగిరి. సెక్షనులోని దయ్యములు పెండింగు ఫైళ్ళు. వాటి సంగతి మన కందఱకును తెలిసినదే. నేను నేడు మనవి చేయబోవునది నా బాల్యమున మా స్వగృహమునందు జరిగిన యొక సంగతి. దానికి సంతృప్తికరమైన కారణము నాకు నేటివఱకు దొరకలేదు. మిమ్ము భయపెట్టుటకై దీనిని చెప్పుట లేదు. ఆ విషయమున నేను చేసిన తప్పిద మొకటి కలదు. అట్టిది మీలో నెవ్వరును చేయకుండవలెనని చెప్పుచున్నాను.

మా స్వగ్రామము గోదావరి డెల్టాలో నొక కాలువగట్టున నున్నది. మా యిల్లు పాతకాలపు మండువా లోగిలి. నడుమ ఆకాశము కనబడు మండువా, చుట్టును పెంకుల వసారాలు, తాటి దూలములు, గచ్చు నేల, వెనుక దొడ్డిలో నుయ్యి. మా తాతగారు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసికొనినవారు. ఇంట నున్నంతసేపు వారికి పావుకోళ్ళే పాదరక్షలు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, పడమటి గది గడప దాటి, ఉత్తరపు వసారా వెంబడి నడచి, పెరటి తలుపు తీసికొని నూతిపళ్ళెము కడకు పోవుచుండెడివారు. గచ్చుమీద ఆ పావుకోళ్ళు టక్కు టక్కుమని మ్రోగుచుండెను. మన యింటికి గడియార మెందుకు, మామగారి నడక చాలునని మా అమ్మ అనుచుండెడిది.

1991వ సంవత్సరము కార్తిక మాసమున తాతగారు కొలది దినముల జ్వరముతో కాలము చేసిరి. అప్పటికి నాకు పదునొకండేండ్లు. కర్మలన్నియు యథావిధిగా జరిగినవి. దానములలో క్రొత్త పాదరక్షలు, గొడుగు ఇచ్చిరి గాని, తాతగారు తొడిగిన పాత పావుకోళ్ళను మాత్రము మా మామ్మ ఎవ్వరికి నీయక భోషాణములో పెట్టి తాళము వేసినది.

ధనుర్మాసము ప్రవేశించెను. ఆ చప్పుడు సంగతి మొదట పైకి చెప్పినవాడు మా పాలేరు. అతడు దొడ్డివైపు అరుగుమీద పండుకొనువాడు. ఒకనాటి ఉదయమున పనిలోనికి రాక వీధి గుమ్మము కడనే నిలిచి, "పెద్దయ్యగారు నూతికాడికి వచ్చారమ్మా" అని మా అమ్మతో చెప్పెను. అమ్మ అతనిని కసరినది. రెండు దినములకు అమ్మయే విన్నది. విని, పిల్లలు దడిసికొందురని వారము దినములు ఎవ్వరికిని చెప్పలేదు. పిమ్మట నేనును వింటిని.

ఆ రాత్రి నేను మామ్మ ప్రక్కను, ఉత్తరపు వసారాను ఆనుకొనిన గదిలో పండుకొనియుంటిని. ఏల మెలకువ వచ్చినదో తెలియదు. మంచి చలిగా నుండెను. పడమటి గది వైపునుండి టక్కుమని యొక చప్పుడు. కొంత వ్యవధి. మఱల టక్కు. తొందర యేమియు లేదు. ఒక్కొక్క అడుగు మా తలుపు వైపునకు వచ్చి, తలుపు దాటి, పెరటివైపు పోయి, అక్కడ ఆగిపోయినది. పెరటి తలుపు తీసిన చప్పుడు లేదు; తిరిగి వచ్చిన చప్పుడును లేదు. నేను దుప్పటి ముసుగు పెట్టుకొని మామ్మ చేయి పట్టుకొంటిని. ఆమె మేలుకొనియే యున్నది. నా చెవి దగ్గఱకు వంగి, "నీకూ వినిపించిందా, నాన్నా?" అని అడిగినది. ఆ కంఠములో భయము లేదు. పండుగనాడు బిడ్డ లందఱును ఇంటికి చేరినప్పు డామె ఎట్లు మాటలాడునో అట్లు మాటలాడినది. తాతగారు పోయిన పదుమూడవనాటి నుండియు తాను వినుచున్నాననియు, ఎవ్వరితోను అనలేదనియు నాకు చెప్పినది.

మా నాన్నగారు కాకినాడలో నొక కార్యాలయమున గుమాస్తా. శనివారము రాత్రి యింటికి వచ్చి సోమవారము ఉదయము పోవుచుండెడివారు. కాగితము మీద లేనిదానిని నమ్మెడి స్వభావము వారిది కాదు. సంక్రాంతి సెలవులలో వారు మూడు రాత్రులు వసారాలో కుర్చీ వేసికొని కూర్చుండిరి. పడమటి గడప మొదలుకొని పెరటి తలుపు వఱకు పలుచగా ముగ్గుపిండి చల్లించిరి. దొంగయైనను, ఎలుకయైనను దానిపై గుర్తు విడువక పోదని వారి ఆలోచన. మొదటి రెండు రాత్రులు చప్పుడు లేదు. మూడవ రాత్రి మే మందఱమును వింటిమి, నాన్నగారును వినిరి. టార్చిలైటు వేసిరి. ఎవ్వరును లేరు. తెల్లవారిన పిమ్మట చూడగా పిండి పిండిగానే యున్నది. ఎలుక కాలి గుర్తు సయితము లేదు. భోషాణము తెఱపించిరి. పావుకోళ్ళు పెట్టినచోట పెట్టినట్లే యున్నవి. నాన్నగారు భోషాణము మూసి, "ఎలుకలు కావు" అని మాత్ర మనిరి.

ఇట్టి సంగతి ఊరిలో దాగునా? బంధువులు సలహాల కారంభించిరి. ఒకరు శాంతి చేయింపుమనిరి. ఒకరు భూతవైద్యుని పేరు చెప్పిరి. ఒకరు ఇల్లు అమ్మివేయుటయే మేలనిరి. కొనెడివారి పేరు కూడ వారే చెప్పిరి. మామ్మ అందఱకును ఒకటే సమాధాన మిచ్చినది: "ఆయన ఇంట్లో ఆయన నడిస్తే శాంతులెందుకురా?"

మాఘమాసము వచ్చుసరికి చప్పుడు దానంతట అదే ఆగిపోయెను. మఱుసటి చలికాలమున మామ్మ తప్ప మఱి యెవ్వరును వినలేదు. 1993లో మా చదువుల నిమిత్తము నాన్నగారు మమ్ము కాకినాడకు తీసికొనిపోయిరి. మామ్మ మాత్రము దూరపు బంధువురాలి నొకామెను తోడుంచుకొని ఆ లోగిలిలోనే నిలిచినది.

సభ్యులారా, ఒక్క నిమిషము మా యూరు విడిచి ఇంగ్లండునకు పోదము. ఇట్టి వృత్తాంతములలో మిక్కిలి శ్రద్ధతో వ్రాయబడినది లింకన్‌షైరులోని ఎప్‌వర్త్ గ్రామమునందలి యొక మతాచార్యుని గృహమునకు సంబంధించినది. గృహస్థు సామ్యుయెల్ వెస్లీ, భార్య సుసానా. మెథడిస్టు మతశాఖను నెలకొల్పిన జాన్ వెస్లీ వీరి కుమారుడే. 1709లో పాత యిల్లు అగ్నికి ఆహుతి కాగా మఱల కట్టించిన యిల్లది. 1716 డిసెంబరు 1వ తేదీన పనికత్తె భోజనశాల తలుపు కడ ఎవ్వరో మూలుగుచున్నట్లు వినెను. నాటి నుండి తలుపులపై, గోడలపై దబదబ చప్పుళ్ళు, మెట్లపై అడుగులు. ఇంటి కుక్క మొదట మొఱిగి, తరువాత చప్పుడు రాకమునుపే మనుష్యుల చాటున దాగుచుండెనట. ఎలుక లేమోయని సుసానా కొమ్ము ఊదించి చూచెను; చప్పుడు తగ్గలేదు. ఆ యింటి ఆడపిల్లలు దానికి "ఓల్డ్ జెఫ్రీ" అని ముద్దుపేరు పెట్టిరి. తండ్రి ప్రార్థనలో రాజుగారి పేరు వచ్చినప్పుడు అది మఱింత గట్టిగా కొట్టెడిదని వారు వ్రాసిరి. జనవరి గడచుసరికి చప్పుళ్ళు సద్దుమణిగెను.

ఈ కథలో నా మనస్సును పట్టినది దయ్యము కాదు. ఆ కుటుంబపు నడవడి. కుమారులు మువ్వురును దూరమున లండనులో నుండిరి. ఈ చప్పుడు తమ బిడ్డలలో నెవ్వరో మరణించినందులకు సూచన యేమోయని ఆ తల్లి నెలరోజులు తల్లడిల్లినది. నీవు నా కుమారుడు సామ్యుయెల్ ఆత్మవైనచో మూడుమాఱులు కొట్టుమని తండ్రి ఆ చప్పుడునే వేడుకొనెను. అది మౌనము వహించుటచే ఆయన మనస్సు కుదుటపడెను. అంతలో పెద్దకుమారుని యుత్తరము వచ్చి, అతడు క్షేమమని తెలిసినది. అప్పుడు తల్లి జరిగినదంతయు అతనికి వ్రాసినది.

ఆ కుమారుడు, తండ్రి పేరే గలవాడు, వెస్ట్‌మినిస్టరు పాఠశాలలో ఉపాధ్యాయుడు. తల్లి వ్రాసినది చదివి నవ్వలేదు, నమ్మితిననియు చెప్పలేదు. ప్రశ్నలు పంపెను. ఇంట క్రొత్తగా చేరిన పనివా రెవ్వరైన కలరా? మీది గదిలో నెవ్వరైన నుండిరా? అందఱును ఒక్కచోట నున్నప్పుడు, ఒకే కాలమున వింటిరా? పిల్లియో ఎలుకయో కావచ్చునా? మన సెక్రటేరియటులో నెవ్వ రైనను ఇంతకంటె మంచి క్వెరీలు పంపగలరా? ఈ ప్రశ్నల వలన తల్లి, తండ్రి, అక్కచెల్లెండ్రు ఎవరికి వారు తాము విన్నది వ్రాసిరి. 1726లో జాన్ వెస్లీ వారివారి వాఙ్మూలములను మఱల సేకరించి 1784లో తన పత్రికలో ప్రకటించెను. ప్రసిద్ధ రసాయన శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1791లో ఆ కుటుంబపు లేఖలను అచ్చువేయించి, ఇది పనివారు పొరుగువారితో కూడి చేసిన తమాషా యని అభిప్రాయపడెను. కుమార్తెలలో నొకతె పనియేమోయని తరువాతివారు కొందఱు శంకించిరి. ఏదియు రుజువు కాలేదు. కాని మూడు శతాబ్దముల పిమ్మట మన మా యింట నెవ్వరెవ్వరు ఏమేమి వినిరో చదువగలుగుచున్నాము. దానికి కారణము దూరమున నున్న కుమారుడు నవ్వక ప్రశ్నించుట.

ఇక దూరమున నున్న మనుమడు చేసినది చెప్పెదను.

2000వ సంవత్సరము సంక్రాంతి. నేను బి.ఏ. చివరి సంవత్సరము చదువుచుంటిని. పండుగకు మే మందఱమును లోగిలికి చేరితిమి. భోజనములైన పిమ్మట బంధువులు వసారాలో కూర్చున్నప్పుడు మామ్మ నా తట్టు తిరిగి, "రాత్రి కూడా వచ్చారు నాన్నా" అని మెల్లగా చెప్పినది. పదునొకండేండ్లనాడు చేయి పట్టుకొనిన మనుమనితోనే ఆమె చెప్పినది. సభలోని వారితో కాదు. నేనో, అందఱును వినునట్లు నవ్వి, కొయ్య చలికి ముడుచుకొనుటను గూర్చియు, ముసలితనపు భ్రమలను గూర్చియు పావుగంట యుపన్యసించితిని. బంధువులును నవ్విరి. మామ్మ చెఱగు సవరించుకొని, "సరేలే నాన్నా, చదువుకున్నవాడివి" అని లోపలికి పోయినది. ఆ తరువాత ఆ విషయ మామె నాతో నెన్నడును ఎత్తలేదు.

అంతటితో ముగిసినను బాగుండెడిది. ఆ సాయంకాలము నాన్నగారు నన్ను విడిగా పిలిచి, ఏమి చేయుదమని అడిగిరి. మామ్మకు భ్రమలు కలుగుచున్నవి, ఒంటరిగా నుంచరాదు, కాకినాడకు తీసికొనిపోవలెనని నేను చెప్పితిని. చదువుకొనినవాని నోటు గదా, నాన్నగారు ఆమోదించిరి. ఆ వేసవిలో ఇల్లు తాళము పడినది. మామ్మ కాకినాడలో మూడేండ్లు జీవించి 2003లో కన్నుమూసినది. ఆమె పోయిన పిమ్మట మా అమ్మ నాకొక మాట చెప్పినది. కాకినాడ యింట కూడ మామ్మ నాలుగు గంటలకే లేచి పెరటి గుమ్మము కడ కూర్చుండెడిదట. ఎందుకు కూర్చుంటివని అడిగినచో, "ఆయనకి ఈ ఇంటి దారి తెలీదుగా" అనెడిదట.

మామ్మది భ్రమయా? దానికి సమాధానము నే నాలస్యముగా చదివితిని. డివీ రీస్ అను వైద్యుడు వేల్సు దేశమునందలి తన ప్రాంతములో భర్తను గోల్పోయిన 227 మంది స్త్రీలను, భార్యను గోల్పోయిన 66 మంది పురుషులను ప్రశ్నించి, ఆ ఫలితములను 1971లో బ్రిటిష్ మెడికల్ జర్నలునందు ప్రకటించెను. వారిలో ఇంచుమించు సగముమంది, పోయినవారు తమ చెంత నున్నట్లు తోచినదనియో, కనబడిరనియో, వారి కంఠము వింటిమనియో చెప్పిరి. కొందఱికి అట్టి యనుభవము ఏండ్ల తరబడి కొనసాగినది. వారు పిచ్చివారు కారు, రోగులు కారు. పెక్కురకు అది ఓదార్పుగా నుండెను. ఐనను వారిలో అధికసంఖ్యాకులు వైద్యుడు అడుగువఱకు ఎవ్వరితోను ఆ మాట చెప్పలేదు. ఏల చెప్పలేదో నాకు తెలియును. ప్రతి యింటను నావంటి మనుమ డొక డుండును.

నేను ఉపన్యసించునాటికి ఆ వ్యాసము వెలువడి ఇరువదియెనిమిదేండ్లు గడచినవి. చదువుకొనినవాడ ననిపించుకొంటిని గాని, చదువవలసినది చదువలేదు.

మఱి అమ్మ, నాన్నగారు, పాలేరు, నేను విన్నదాని మాట యేమి? మాలో నెవ్వరమును వైధవ్యదుఃఖమున నున్నవారము కాము. రాత్రి చలికి దూలములు, వాసములు ముడుచుకొని టక్కుమను మాట నిజమే. ధనుర్మాసములో మొదలై మాఘములో ఆగుటకు ఆ కారణము సరిపోవును. ఎప్‌వర్త్ చప్పుళ్ళును డిసెంబరు, జనవరులలోనే వచ్చుట నేను గమనింపకపోలేదు. నిద్రకును మెలకువకును నడిమి వేళ చెవి మోసపోవు ననుటయు నిజమే. పదేండ్లుగా ప్రతిదినము ఒకే గంటకు విన్న నడకను, చిన్న చప్పుడు ఊతగా, మనస్సే పూర్తిచేయగలదు. ఇవన్నియు కలిపి తూచినచో ముప్పాతిక కారణము దొరకినట్లే. కాని ఆ చప్పుడు పైకప్పున గాక నేలపై వినబడుట, వరుసగా జరిగి ఒకేచోట ఆగుట, కుర్చీలో మేలుకొని కూర్చున్న నాన్నగారు సయితము వినుట, ఈ పాతిక భాగము మిగిలియే యున్నది. దానిని నేను దయ్యమని వ్రాయను, కాదని కొట్టివేయను.

ఇట్టి సంగతి మీ యింట జరిగినచో ఏమి చేయవలెనో, నా యనుభవమును బట్టి మూడు మాటలు మనవి చేసెదను.

మొదటిది ప్రాణమునకు సంబంధించినది. 1921లో విలియం విల్మర్ అను నేత్రవైద్యుడు అమెరికాలో నొక కుటుంబపు వృత్తాంతమును వైద్యపత్రికలో ప్రకటించెను. వారు పాత యింటిలోనికి ప్రవేశించిన పిమ్మట అడుగుల చప్పుళ్ళు వినిరి, అపరిచిత రూపములను చూచిరి. తలనొప్పులు కలిగెను, పిల్లలు పాలిపోయిరి, కుండీలలోని మొక్కలు చచ్చిపోయెను. తుద కది దయ్యము కాదు. చెడిపోయిన కొలిమి నుండి పొగగొట్టమున పోవలసిన వాయువు ఇంటనే వ్యాపించుచుండెను. కొలిమి బాగుచేయగా దయ్యములు పోయెను. ఢిల్లీ చలిలో తలుపులు బిగించి కుంపటి పెట్టుకొను అలవాటు మనలో నున్నది. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాసు గీజర్లు నున్నవి. ఈ కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు, రంగు లేదు; ప్రతి చలికాలమున అది ప్రాణములు తీయుచున్నది. కావున చలికాలమున ఇంటిల్లిపాదికి తలనొప్పి, విపరీతపు చూపులు కలిగినచో ముందు తలుపులు తెఱచి బయటకు రండు.

రెండవది: పెద్దలు అకస్మాత్తుగా మాటలు తడబడుచు, మనుష్యులను గుర్తింపక, లేనివానిని చూచుచున్నచో వైద్యునికి చూపుడు. జ్వరమో, క్రొత్త మందో కారణము కావచ్చును. భూతవైద్యుని కడకు పోయి కాలము వ్యర్థము చేయకుడు.

మూడవది: ఈ రెండును కానప్పుడు, పెద్దలు చెప్పునది వినుడు. ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని మాఱులు అని అడుగుడు. తేదీ వేసి వ్రాసి పెట్టుడు. నవ్వకుడు. నమ్మవలసిన యగత్యము లేదు. వెస్లీగారి పెద్దకుమారుడు నమ్మితిననియు చెప్పలేదు గదా. వినుట కును నమ్ముటకును నడుమ చాల చోటున్నది. ఆ చోటనే కుటుంబము నిలుచును.

2011 జనవరిలో ఆ లోగిలిని అమ్మివేసితిమి. రిజిస్ట్రేషను కొఱకు పోయి, చివరి రాత్రి నే నొక్కడనే ఉత్తరపు వసారా ప్రక్క గదిలో పండుకొంటిని. నాలుగు గంటలకు ముందే మెలకువ వచ్చినది. తెల్లవారువఱకు చెవి యొగ్గి కూర్చుంటిని. చప్పు డేమియు లేదు. పదునొకండేండ్లనాడు వినబడినందులకు భయపడితిని. ఆనాడు వినబడనందులకు ఏడ్చితిని. పావుకోళ్ళు మాత్రము భోషాణములో నుండి తీసి తెచ్చికొంటిని. అవి ఇప్పుడు ఢిల్లీలో మా క్వార్టరునందే యున్నవి.

ఫైలులో కారణము వ్రాయవలసినచోట "తెలియదు" అని వ్రాసి సంతకము చేయుటకు నాకు సంకోచము లేదు. మన ఉద్యోగములలో నట్లు వ్రాయుట అరుదు గాని, అది తప్పు కాదు. నా బాధ వేఱొకటి. ఆ ఫైలులో పాలేరు మాట కలదు, అమ్మ మాట కలదు, నాన్నగారి ముగ్గుపిండి కలదు. అందఱికంటె ఎక్కువ విన్న మామ్మ మాట మాత్రము లేదు. దానిని అడిగి వ్రాసికొనవలసినవాడను నేనే. వ్రాసికొనలేదు.

మీలో పెక్కుర పెద్దలు ఇంకను స్వగ్రామములలో, పాత యిండ్లలో ఒంటరిగా నున్నారు. ఈ ఆదివారము వారికి ఫోను చేసినప్పుడు ఆరోగ్యము, మందులు అడిగిన పిమ్మట, రాత్రి నిద్ర పట్టినదా, ఏమైన వినబడినదా అని కూడ నొకమాఱు అడుగుడు. వారు చెప్పుటకు మొదలుపెట్టినచో తొందరపడి ఫోను పెట్టివేయకుడు.